బ్రేకు డిస్కు, వాయిస్ కాల్స్, ఇంట్లో ఒకే ల్యాప్‌టాప్: మా ఎం.టెక్ ప్రాజెక్టుల అనుభవం

మెషిన్ డిజైన్‌లో నా ఎం.టెక్ వైవా 2025 జులై చివరి వారంలో అయిపోయింది. తమ్ముడిది ఈసీఈ. వాడి వైవా నాకన్నా వారం ముందే అయింది. బీటెక్ తర్వాత నేను కొన్నేళ్లు ఒక పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి ఆ తర్వాత చేరడంతో ఇద్దరం ఒకే బ్యాచ్‌లో పడ్డాం. నా ప్రాజెక్టు కారు బ్రేకు డిస్కు ఎంత వేడెక్కుతుంది అన్నదాని మీద. వాడిది ఒక మొబైల్ టవర్ సెల్లు (దాని సిగ్నల్ అందే ప్రాంతం) ఒకేసారి ఎన్ని వాయిస్ కాల్స్ మోయగలదు అన్నదాని మీద. రెండూ సిమ్యులేషన్ ప్రాజెక్టులే.

జూనియర్లు ఫోన్ చేసి ముందుగా అడిగేది "అక్కా, సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికి ఎంత టైం పడుతుంది?" అనే. సాఫ్ట్‌వేర్ మూడు నాలుగు వారాల్లో చేతికొచ్చేస్తుంది. మిగిలిన ఏడాదంతా ఎక్కడికి పోయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

2024 ఆగస్టులో గైడ్‌ని కేటాయించారు. బ్రేకు డిస్కు అనగానే పాత రిపోర్టులు తిరగేశాను. దాదాపు అన్నీ ఒకే పద్ధతి: ఒక డిస్కు బొమ్మ గీసి, గ్రే క్యాస్ట్ ఐరన్, అల్యూమినియం, స్టీలు, ఇలా మెటీరియల్ మార్చుకుంటూ పోయి, చివర ఒకటి మంచిదని తేల్చేయడం. ఒకదాంట్లో అల్యూమినియం డిస్కు ఉపరితలం 700 డిగ్రీలు చూపించి, బరువు తక్కువ కాబట్టి అదే మేలని రాశారు. అల్యూమినియం 660 డిగ్రీలకే కరిగిపోతుంది. దాన్ని ఎవరూ అడగలేదంటే నాకు నిజంగా బాధేసింది. గైడ్ సార్‌కి చూపిస్తే ఆయన ఒకటే అన్నారు: "రంగుల బొమ్మలు నాకొద్దమ్మా. ఒక్క డిస్కు తీసుకో. అది ఎంత వేడెక్కుతుందో నువ్వు గట్టిగా నిలబడి చెప్పగలగాలి. ఎవరు అడ్డం అడిగినా జవాబుండాలి."

అలా సెప్టెంబరులో తమ్ముణ్ని తోడు తీసుకుని గాజువాక ఆటోనగర్ వెళ్లాను. ఒక షెడ్డులో పాత కారు ముందు చక్రం డిస్కు దొరికింది. ఇనుము ధరకే, 300 రూపాయలకు ఇచ్చాడు మేస్త్రి. "ఏటి చేస్తావమ్మా దీంతో?" అన్నాడు. కొలిచి కంప్యూటర్లో గీస్తానంటే, అయితే నీ కొలత తప్పొస్తుంది, ఇలా ఇవ్వు అని నా చేతిలోంచి వెర్నియర్ తీసుకున్నాడు. ప్యాడ్ రాసుకునే మేర అరిగిపోయి, అంచున మాత్రం తుప్పు గట్టులా లేచి ఉంటుంది. వెర్నియర్ దవడలు ఆ గట్టు మీద ఆగిపోయి మందం ఎక్కువ చూపిస్తాయి. ఆయన డిస్కుకి రెండు వైపులా చెరో రూపాయి బిళ్ల పెట్టి, వాటితో కలిపి కొలిచి, బిళ్లల మందం తీసేశాడు. 19.8 మిల్లీమీటర్లు. కొత్తప్పుడు అది 22. డిస్కు మీదే కనీస మందం 20 అని పోత పోసి ఉంది, అందుకే మార్చేశారన్నమాట. ఈ చిట్కా నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు.

ఇంటికి తెచ్చి వీధి చివర కిరాణా కొట్టు కాటా మీద తూయించాం. 5 కిలోల 480 గ్రాములు. ప్యాడ్ రాసుకునే పట్టీ బయటి వ్యాసం 260, లోపలి వ్యాసం 160 మిల్లీమీటర్లు. అరిగిపోయిన 2.2 మిల్లీమీటర్ల లోహం లెక్కేస్తే అరకిలో పైన వస్తుంది. కలిపితే కొత్త డిస్కు 6 కిలోలుండాలి. నేను గీసిన మోడల్ బరువెంతో సాఫ్ట్‌వేర్‌ని అడిగితే 6 కిలోలకు అటూ ఇటూగా చెప్పింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం వైవా రోజు కూడా కలగలేదు. గీసింది నిజమైన వస్తువునే అని మొదటిసారి నమ్మకం కుదిరింది.

ఆ తర్వాత లైసెన్సు గొడవ. కాలేజీలో ఆన్సిస్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఉంది గానీ ల్యాబ్ సాయంత్రం ఐదింటికి తాళం వేస్తారు, సర్వర్ కూడా ఆపేస్తారు. రాత్రి నడవాల్సిన లెక్క అక్కడ నడవదు. ఉచితంగా వచ్చే స్టూడెంట్ వెర్షన్ ఇంట్లో వేసుకుంటే, స్ట్రక్చరల్ లెక్కలకు 1,28,000 నోడ్స్ (లెక్క కట్టే బిందువులు) దాటనివ్వదు. లోపల గాలి పోయే రెక్కలున్న డిస్కు పూర్తిగా గీసి సన్నటి మెష్ (డిస్కుని చిన్న ముక్కలుగా విడగొట్టే వల) వేస్తే అది ఎప్పుడో దాటిపోతుంది. నా డిస్కులో రెక్కలు 36. అంటే పది డిగ్రీల ముక్క ఒకటి తీసుకుంటే మిగతాదంతా దాని పునరావృతమే. చక్రం వేగంగా తిరుగుతున్నప్పుడు ప్యాడ్ వేడి చుట్టూ సమానంగా పడినట్టే లెక్క కాబట్టి ఆ ముక్కతో పని జరిగిపోతుంది. ఇది తట్టడానికి, తట్టాక సార్‌ని ఒప్పించడానికి అక్టోబరు సగం పోయింది. ల్యాప్‌టాప్‌లో ర్యామ్ 8 నుంచి 16 జీబీకి పెంచడానికి మూడు వేలయింది.

ల్యాప్‌టాప్ ఇంట్లో ఒక్కటే అని చెప్పాను కదా. తమ్ముడు వాడేది ఎన్ఎస్-3 అనే నెట్‌వర్క్ సిమ్యులేటర్, ఉబుంటులో నడుస్తుంది. నాది విండోస్‌లో. వాడు రన్ పెడితే నేను ముట్టుకోకూడదు, నేను పెడితే వాడు. రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి వరకు ఒకరోజు వాడిది, ఒకరోజు నాది అని అమ్మ తీర్పు చెప్పింది. నవంబరులో ఒక రాత్రి నా లెక్క ముప్పాతిక పూర్తయ్యాక విండోస్ అప్‌డేట్ వచ్చి మెషిన్ దానంతటదే రీస్టార్ట్ అయిపోయింది. పొద్దున లేచి చూస్తే లాగిన్ స్క్రీన్. ఏడ్చేశాను. ఆ వారమంతా నా వంతు కూడా వాడికి పోయింది, ఎందుకంటే వాడికి రివ్యూ ఉంది. మీరు మొదలుపెట్టే ముందే అప్‌డేట్లు వాయిదా వేసుకోండి, లెక్క ఆగిన చోటి నుంచి మళ్లీ కొనసాగించే రీస్టార్ట్ ఫైళ్లు మధ్యమధ్యలో సేవ్ అయ్యేలా పెట్టుకోండి.

మొదటి ఫలితం నవంబరు మూడో వారంలో వచ్చింది. 1500 కిలోల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి ఒక్కసారి బ్రేకు వేసి ఆగితే, డిస్కు ఉపరితలం 30 డిగ్రీల నుంచి 148 డిగ్రీల దాకా వెళ్లింది. బొమ్మ బాగుంది, ఎరుపు నుంచి నీలం దాకా. సార్ దాన్ని చూడనే లేదు. "ఇది నిజమని నీకెలా తెలుసు? కాగితం మీద చూపించు" అన్నారు.

వారం రోజులు కాగితం మీద కుస్తీ పట్టాను. ఆ వేగంలో కారుకుండే శక్తి సుమారు 579 కిలోజౌల్స్. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు ఒరుగుతుంది కాబట్టి ముందు ఇరుసు 70 శాతం తీసుకుంటుందనుకుంటే, ఒక్కో ముందు డిస్కుకు దాదాపు 200 కిలోజౌల్స్. 6 కిలోల క్యాస్ట్ ఐరన్‌కి ఆ వేడి ఇస్తే సగటున 73 డిగ్రీలు పెరుగుతుంది. అంటే ఆగాక డిస్కు మొత్తం మీద 103 డిగ్రీల దగ్గర ఉండాలి. సిమ్యులేషన్‌లో సగటు చూస్తే 101. ఇక ఉపరితలం లోపలికన్నా ముందు వేడెక్కుతుంది కాబట్టి కాసేపు 140 దాటడం సబబే, దానికీ చేతి లెక్క ఉంది. అప్పుడు అర్థమైంది, పాత రిపోర్టుల్లో 700 డిగ్రీలు ఎలా వచ్చాయో. కారు మొత్తం వేడినీ ఒకే డిస్కు ఒకే ముఖం మీద వేసేస్తే సరిగ్గా ఆ ప్రాంతానికే వస్తుంది. నాలుగు చక్రాలు, ఒక్కో డిస్కుకి రెండు ముఖాలు, ముందు వెనకల వాటా, ఇవి విడదీయకపోతే మెష్ ఎంత సన్నగా వేసినా లాభం లేదు. సిమ్యులేషన్ ప్రాజెక్టు చేసేవాళ్లకు నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ఈ కాగితం లెక్క గురించే. నా రిపోర్టులో దానికి రెండు పేజీలే పట్టాయి, తర్వాత ప్రతి రివ్యూలోనూ నన్ను కాపాడింది ఆ రెండు పేజీలే.

ఉష్ణోగ్రత సరే, లోహంలో పుట్టే ఒత్తిడి (స్ట్రెస్) దగ్గర ఇంకో చిక్కు. రెక్క మొదట్లో, అది డిస్కుకి అతుక్కునే మూలలో, మెష్ సన్నబరచిన కొద్దీ స్ట్రెస్ పెరుగుతూనే పోయింది. ఎక్కడా ఆగదు. మామూలుగా విలువ ఒకచోట స్థిరపడితేనే దాన్ని రిపోర్టులో రాయగలం. రెండు వారాలు సాఫ్ట్‌వేర్ ఫోరాల్లో వెతికాను. ఒకరోజు డిస్కుని పెరట్లో పెట్టుకుని ఉప్పు కాగితంతో తుప్పు గీకి, రెక్కల సందులో వేలు పెట్టి చూశాను. మూల పదునుగా లేదు, గుండ్రంగా ఉంది. పోత పోసిన వస్తువులో నిలువు మూల ఉండదు, చిన్న వంపు ఉండి తీరుతుంది. సుమారు 3 మిల్లీమీటర్ల వ్యాసార్ధం. కాగితం మీద పదును మూలకు స్ట్రెస్ అనంతం, అందుకే ఆగలేదు. మోడల్‌లో ఆ వంపు పెట్టగానే విలువ స్థిరపడింది, క్యాస్ట్ ఐరన్ తట్టుకునే హద్దులోకి వచ్చింది. వేలితో తాకితే తెలిసే సంగతి అది. వస్తువు చేతిలో ఉంచుకుని పని చేయడంలో ఉన్న బలం ఇదేనని నాకనిపించింది.

డిసెంబరులో మొదటి దశ రివ్యూ. కమిటీలో ఒక మేడమ్, "ఇప్పటిదాకా చేసింది బాగుంది. కానీ ఒక్కసారి ఆగడం అందరూ చేసిందే. నీ కొత్తదనం ఏమిటి?" అన్నారు. బయటికొచ్చేసరికి కాళ్లలో వణుకు. సంక్రాంతికి అమ్మమ్మగారి ఊరు శృంగవరపుకోట వెళ్లాం. అక్కడ మామయ్య కారు నడుపుతారు, టూరిస్టులను అరకు తీసుకెళ్తుంటారు. ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు వాసనొస్తాయని, కొత్త డ్రైవర్లు కాలు బ్రేకు మీంచి తియ్యరని ఆయన మాటల్లో చెప్పారు. అదే నా రెండో దశ అయింది.

లెక్కకు వెయ్యి మీటర్ల ఎత్తు అనుకుందాం. 1500 కిలోల కారు అంత ఎత్తు నుంచి దిగితే 14.7 మెగాజౌల్స్ ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. వంద వేగం నుంచి పాతికసార్లు ఆగినంత వేడి. అది కొన్ని సెకన్లలో కాదు, అరగంట పైగా మెల్లగా వస్తుంది. ఇక్కడ నాకు మొత్తం ప్రాజెక్టులోనే ముఖ్యమైన సంగతి తెలిసింది. ఒక్కసారి ఆగినప్పుడు గాలికి పోయే వేడి లెక్కలోకే రాదు. గాలి చల్లబరిచే గుణకం 30 వేసినా 60 వేసినా ఫలితం ఒకటే, ఎందుకంటే ఐదు సెకన్లలో గాలి ఏం తీసుకుపోగలదు. అదే ఘాట్‌లో డిస్కు చివరికి ఎంత వేడి దగ్గర నిలబడుతుందో ఆ గుణకమే నిర్ణయిస్తుంది. రెట్టింపు చేస్తే, గాలికన్నా డిస్కు ఎంత ఎక్కువ వేడిగా ఉందో ఆ తేడా సగమైపోతుంది. మరి అది ఎంత వేయాలి? పేపర్లలో ఒక్కొక్కరు ఒక్కో విలువ. కొలవకుండా చెప్పడం కుదరదు.

తాకకుండా వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్ 1600 రూపాయలు, మొన ఆనించి కొలిచే కె రకం థర్మోకపుల్ మీటరు 1400. ఫిబ్రవరి మొదట్లో మామయ్య కారులో నేను, తమ్ముడు, అమ్మ అనంతగిరి మీదుగా వెళ్లాం. పైన అరగంట ఆగి డిస్కులు చల్లారనిచ్చి, ఒకసారి రెండో గేరులో దిగాం. కింద రోడ్డు పక్క చదునుగా ఉన్నచోట బండి ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు రాళ్లు పెట్టి కొలిచాం. గన్ 80 ప్రాంతంలో చూపించింది. థర్మోకపుల్ మొన ఆనిస్తే 130 దాటింది. గుండె గుభేలుమంది, ఏది నమ్మాలో తెలియలేదు. కారణం మెరుపు. ప్యాడ్ రాసి రాసి అద్దంలా మెరిసే లోహం తన వేడిని కిరణాలుగా చాలా తక్కువ విడుదల చేస్తుంది. చవక గన్లు అన్నీ నల్లటి గరుకు వస్తువులే అనుకుని లెక్క కడతాయి. అందుకే మెరిసే డిస్కు మీద గన్ ఎప్పుడూ తక్కువ చెబుతుంది. వేడి తట్టుకునే నల్ల పెయింటు డబ్బా 350 రూపాయలు. ప్యాడ్ తగలని, డిస్కు మధ్యలో ఎత్తుగా ఉండే టోపీ భాగం మీద చిన్న చుక్క వేస్తే అక్కడ మాత్రం రెండు పరికరాలూ దగ్గరదగ్గరగా చెప్పాయి.

రెండోసారి మూడో గేరులో, మామయ్యకు ఇబ్బంది లేనంత మేరకే బ్రేకు వాడుతూ దిగాం. ఈసారి 210. వాసన కూడా వచ్చింది. ఇంజను పట్టు తగ్గితే ఆ భారం ఎక్కడికి పోతుందో అమ్మకు కూడా అర్థమైంది, ఇంటికొచ్చేదాకా అదే మాట. రెండో గేరు కొలతతో గాలి గుణకం సరిచూసుకుని, దాన్ని ముట్టుకోకుండా మూడో గేరు ప్రయాణాన్ని సిమ్యులేట్ చేస్తే 195 వచ్చింది. 15 డిగ్రీల తేడా. నాకు అది చాలు అనిపించింది, సార్ కూడా సరేనన్నారు. రెండు కొలతలకూ కలిపి గుణకం సర్దేసి ఉంటే తేడా ఇంకా తగ్గేది, కానీ అప్పుడు ఆ మోడల్ ఏదీ ముందుగా చెప్పినట్టు కాదు.

ఇక తమ్ముడి సంగతి. 2024 అక్టోబరులో విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి వెళ్లినప్పుడు అమ్మ జనంలో తప్పిపోయింది. ఫోనులో సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి, కాల్ మాత్రం కలవదు. గంట తర్వాత దొరికింది. గీతలుండి కాల్ ఎందుకు కలవదు అన్న ప్రశ్నే వాడి ప్రాజెక్టు అయింది.

పాత ఫోన్ల లెక్క తేలిక. డెన్మార్క్ గణితవేత్త ఎర్లాంగ్ 1917లో ఇచ్చిన సూత్రం ఉంది. 30 లైన్లుంటే, నూటికి రెండు కాల్స్ మాత్రమే కలవకుండా పోవాలంటే, 21.9 ఎర్లాంగుల ట్రాఫిక్, అంటే సగటున ఒకేసారి దాదాపు 22 కాల్స్ నడిచేంత, మోయొచ్చు. 4జీ వోల్టీలో (4జీ డేటా దారిలోనే కాల్స్ పంపే పద్ధతి) ఒక్కో కాల్‌కి ప్రత్యేకంగా లైను ఉండదు. మాట్లాడుతున్నంతసేపూ 20 మిల్లీసెకన్లకు ఒక చిన్న ప్యాకెట్ బయల్దేరుతుంది. అందులో మాట 31 బైట్లయితే పైన చిరునామాలుండే హెడర్లే 40 బైట్లు. వాటిని కుదించే పద్ధతి ఉంది కాబట్టి నాలుగైదు బైట్లకు దిగుతాయి. అప్పుడు ఇక బ్యాండ్‌విడ్త్‌కి కొదవ లేదు, వందల కాల్స్ పట్టాలి. వాడి సిమ్యులేషన్‌లో మాత్రం చాలా ముందే కాల్స్ చెడిపోవడం మొదలైంది. వారాల తరబడి కోడ్‌లో తప్పు వెతికాడు. కోడ్‌లో తప్పు లేదు. ప్రతి ప్యాకెట్‌కీ "నువ్వు ఇప్పుడు, ఇక్కడ పంపు" అని టవరు ఒక అనుమతి పంపాలి. ఆ అనుమతులు వెళ్లే కంట్రోల్ ఛానల్ ఇరుకు. వాడి సెట్టింగులో మిల్లీసెకనుకు ఎనిమిది అనుమతులు పడతాయి, అంటే 20 మిల్లీసెకన్లలో 160 ప్యాకెట్లు. డేటా మోసే దారి సగం ఖాళీగా ఉండగానే అనుమతుల దారి నిండిపోతుంది. మాట మొదలైనప్పుడు ఒక్కసారి అనుమతిచ్చి, ఆ తర్వాత అదే చోటు వరసగా వాడుకోనిచ్చే పద్ధతి ఉంది, సెమీ పర్సిస్టెంట్ షెడ్యూలింగ్ అంటారు. వాడి వెర్షన్‌లో అది సిద్ధంగా లేదు. సీ ప్లస్ ప్లస్‌లో తనే రాసుకున్నాడు. జనవరి, ఫిబ్రవరి నెలలు దానికే పోయాయి, నా కళ్లముందే మనిషి చిక్కిపోయాడు.

వాడికి ఇంకో తలనొప్పి ర్యాండమ్ సీడ్, అంటే సిమ్యులేషన్‌లోని యాదృచ్ఛిక అంకెలను మొదలుపెట్టే సంఖ్య. ఫోన్లు ఎక్కడెక్కడ నిలబడ్డాయో ప్రతిసారీ మారుతుంది కదా, ఒక రన్‌కి మరో రన్‌కి జవాబు ఇరవై ముప్పై కాల్స్ తేడా. ఒక్క రన్ చూసి అంకె రాయడానికి లేదు. ఎన్నో సీడ్లతో నడిపి సగటు, దాని చుట్టూ హద్దులు చెప్పాలి. ఆ రన్లన్నిటికీ రాత్రిళ్లు కావాలి, అందుకే ల్యాప్‌టాప్ పోట్లాటలు. మార్చిలో నాన్న స్నేహితుడి దగ్గర పాత డెస్క్‌టాప్ ఒకటి తొమ్మిది వేలకు కొన్నాక గానీ ఇంట్లో శాంతి రాలేదు. ముందే కొనాల్సింది అని ఇప్పటికీ అమ్మ అంటుంది.

పేపరు విషయం. కాలేజీ మొదట యూజీసీ-కేర్ (యూజీసీ గుర్తించిన జర్నళ్ల) జాబితాలోని జర్నల్లో పేపరుండాలని చెప్పింది. సరిగ్గా 2025 ఫిబ్రవరిలో యూజీసీ ఆ జాబితానే ఎత్తేసింది. ఇక ఏ జర్నల్ చెల్లుతుందో చెప్పే వాళ్లు లేరు. ఆఫీసులో అడిగితే సర్క్యులర్ వస్తుందన్నారు, అది రావడానికి ఏప్రిల్ అయింది. ఈలోపు మెయిల్ నిండా ఆహ్వానాలు: రెండు రోజుల్లో ప్రచురణ, 1500 రూపాయలు, సర్టిఫికెట్ ఉచితం. నా క్లాస్‌మేట్స్ కొందరు కట్టేశారు. టెన్షన్‌లో ఉన్నప్పుడు అది ఎంత ఊరిస్తుందో నాకు తెలుసు, వాళ్లను తప్పుపట్టను. నేను మార్చిలో డబ్బు అడగని ఒక జర్నల్‌కి పంపాను. పది రోజుల్లో రివ్యూకి కూడా పంపకుండా తిప్పేశారు, మా పరిధిలోకి రాదని ఒక్క వాక్యం. ఆ వాక్యం చూసి అన్నం సహించలేదు. ఏప్రిల్లో ఇంకో చోటికి పంపితే, రెండు నెలలు మౌనం, జూన్ మధ్యలో ఇద్దరు రివ్యూయర్ల వ్యాఖ్యలు. ఒకాయన నాలుగు పేజీలు రాశారు. థర్మోకపుల్ ఆనించినప్పుడు దాని మొనే వేడిని లాగేస్తుంది కదా, ఎంత తేడా ఉంటుందో చెప్పండి అని అడిగారు. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి నా పనిని అంత శ్రద్ధగా చదివారంటే కళ్లు చెమర్చాయి.

మే నెలంతా రిపోర్టు రాత. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రాతలతో పోలిక (ప్లేజియరిజం చెక్‌లో తేలేది) పది శాతం లోపు ఉంటే ఇబ్బంది లేదు. నాది మొదటి చెక్‌లో 27. సొంతంగా రాసిందే మరి. చూస్తే అందులో రిఫరెన్సుల జాబితా, మెటీరియల్ విలువల పట్టిక, కాలేజీయే ఇచ్చిన డిక్లరేషన్ పేజీ కూడా పోలిక కిందే లెక్కేసింది. అవి మినహాయించి చూడమని లైబ్రరీలో అడగాలి, అడగకపోతే వాళ్లు చేయరు. మినహాయించాక 12, రెండు పేరాలు తిరగరాశాక 8. ఈ చెక్కు ఉచితంగా దొరికేది పరిమితంగానే, బయట చేయించుకుంటే ఒక్కోదానికి 500 దాకా అడిగారు. ఫైల్ పంపే ముందే జాగ్రత్త పడండి. బంగారు అక్షరాల బైండింగ్ ఐదు కాపీలకు, కలర్ ప్రింట్లతో కలిపి 4200. నా కలర్ పేజీలు తగ్గించుకుని ఉంటే వెయ్యి మిగిలేది. సంతకాలకు ఒక వారం వేసుకోండి, వేసవి సెలవుల్లో ఎవరో ఒకరు ఊళ్లో ఉండరు.

జూన్ మొదటి వారంలో సబ్మిట్ చేశాను. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ పేరు ఖరారు కావడానికి ఆరేడు వారాలు పట్టింది. ఆ ఎదురుచూపే అన్నిటికన్నా కష్టం. చేయడానికి పని లేదు, మర్చిపోతానేమోనని భయం. రోజూ పొద్దున ఒకసారి చేతి లెక్క మళ్లీ చేసేదాన్ని.

వైవా ముప్పావుగంట. స్లైడ్లు సగం కూడా కాకముందే ఎగ్జామినర్ గారు ఒక గ్రాఫ్ దగ్గర ఆపారు. "బండి ఆగడానికి 4.7 సెకన్లు పట్టింది. ఉపరితల ఉష్ణోగ్రత 2.4 సెకన్ల దగ్గరే గరిష్ఠానికి వెళ్లి దిగుతోంది. బ్రేకు ఇంకా వేసే ఉంది కదమ్మా, ఎందుకు దిగాలి?" నవంబరులో నాకూ అదే అనుమానం వచ్చింది కాబట్టి బోర్డు దగ్గరికి వెళ్లాను. వేగం తగ్గేకొద్దీ పుట్టే వేడి తగ్గుతూ వస్తుంది, లోపలికి పాకే వేడి మాత్రం ఆగదు. ఒక దశలో వచ్చేదానికన్నా పోయేది ఎక్కువవుతుంది. మందపాటి వస్తువుకి, సమానంగా తగ్గే వేగానికి లెక్క కట్టి చూస్తే ఆ దశ ఆగే సమయంలో సరిగ్గా సగం దగ్గర వస్తుంది. రెండు లైన్ల డెరివేషన్ రాసి చూపించాను. ఆయన తలూపి, "ఘాట్‌ కొలతలు ఎవరు తీశారు?" అన్నారు. నేనే అన్నాను. మిగతా ప్రశ్నలన్నీ ఆ ప్రయాణం గురించే. మెష్ గురించి ఒక్కటీ అడగలేదు.

తమ్ముణ్ని అడిగింది, కాల్ చెడిపోయిందని చెప్పడానికి 50 మిల్లీసెకన్ల హద్దు ఎందుకు పెట్టావని. నోటి నుంచి అవతలి చెవి దాకా 150 మిల్లీసెకన్ల లోపు ఉంటేనే సంభాషణ సహజంగా సాగుతుందని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ సిఫార్సు, అందులో రేడియో వాటా అంత, మిగతాది మాటను డిజిటల్‌గా కుదించే కోడెక్‌కీ నెట్‌వర్క్‌కీ పోతుంది అని చెప్పాడట. ప్రతి కాల్‌లో 98 శాతం ప్యాకెట్లు ఆ హద్దులో చేరాలి, నూటికి 95 మంది అలా తృప్తిగా ఉన్నంతవరకే అది సెల్లు సామర్థ్యం. సిరిమానోత్సవం సంగతి చెబితే ఎగ్జామినర్ గారు ఆసక్తిగా విన్నారట.

కొన్నవి, ప్రింట్లు, ఘాట్ పెట్రోలు, డెస్క్‌టాప్‌లో సగం వాటా అన్నీ కలిపితే నాకు ఫీజులు కాకుండా ఇరవై వేలకు కాస్త అటూఇటుగా అయింది. ప్రొవిజనల్ సర్టిఫికెట్‌కి దరఖాస్తు పెట్టిన మూడు వారాలకు వచ్చింది. తమ్ముడిది తండ్రి పేరులో ఒక అక్షరం తేడా ఉందని వెనక్కి పంపారు, టెన్త్ మెమో జిరాక్స్ జతచేసి మళ్లీ పెట్టాడు, ఇంకా రాలేదు. నా పేపరు రెండో విడత రివ్యూలో ఉంది. థర్మోకపుల్ ప్రశ్నకు జవాబుగా, వేడి చేసిన ఇనుప దిమ్మ మీద మొన ఆనించి ఎంత తక్కువ చూపిస్తుందో కొలిచి పంపాను, నాలుగైదు డిగ్రీలు తేలింది. రెక్కల డిస్కు మీద పని చేస్తున్నవాళ్లకు ఘాట్ కొలతలు కావాలంటే అడగండి, ఫైలు ఇస్తాను. ఏ గేరులో, ఎంతసేపటికి, బండి ఆపిన ఎన్ని సెకన్లకు కొలిచామో అన్నీ అందులో రాసి పెట్టాను.